స్టీలు గ్లాసులో డ్రాఫ్ట్ బీరు

మా ఇంట్లో బీరు తాగేది నేను. మా ఆయన కాదు. ఈ చిన్న మాట నలుగురి ముందు పైకి అనడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. అన్న రోజున కూడా తీరిగ్గా, ముచ్చటగా చెప్పిందేమీ లేదు. గ్యారేజీలో నిలబడి, చేతికంటిన నురగ చున్నీకి తుడుచుకుంటూ, ఒళ్లు మండిపోయి అన్నాను.

మేముండేది కాలిఫోర్నియాలో డబ్లిన్. నా ఆఫీసు సన్నీవేల్‌లో. వారానికి మూడు రోజులు పొద్దున్నే కంపెనీ షటిల్ ఎక్కి వెళ్లి, చీకటి పడే వేళకి దిగుతాను. డ్రాఫ్ట్ బీరు మొదటిసారి తాగింది అక్కడే, మా టీమ్ లంచ్‌లో. అంతకుముందు సీసా బీరు రెండుసార్లు రుచి చూసి, ఇందులో ఏముందని జనం ఎగబడతారో అనుకుని పక్కన పెట్టేశాను. ఆ రోజు మేనేజరు అందరికీ కలిపి ఆర్డర్ చేస్తే నా ముందుకి కూడా ఒక గ్లాసు వచ్చింది. బత్తాయి తొక్క గోటితో గిల్లినప్పుడు వచ్చే వాసన, వెనకే సన్నటి చేదు. కాకరకాయ వేపుడు ఇంకొంచెం వడ్డించుకుని తినే మనిషిని, నాకు చేదు కొత్త కాదు. గ్లాసు ఖాళీ అయ్యాక, సీసాలో అది ఎందుకు లేదని అడిగితే, ఇది పీపాలోంచి గొట్టం గుండా చల్లగా నేరుగా వస్తుంది, వెలుతురూ గాలీ తగలవు, అందుకే ఆ వాసన అని మేనేజరు చెప్పాడు. షటిల్‌లో ఇంటికొస్తూ దారి పొడుగునా ఫోన్‌లో దాని గురించే చదివాను.

ఇక్కడ మా తెలుగువాళ్ల పార్టీల గురించి చెప్పాలి. మగవాళ్లు గ్యారేజీలో, ఆడవాళ్లు హాల్లో, పిల్లలు మేడ మీద. ఎవరూ గీత గీసి చెప్పింది లేదు. కొత్తగా వచ్చిన జంట కూడా చెప్పులు విప్పగానే ఎవరి వైపు వాళ్లు వెళ్లిపోతారు. మందు గ్యారేజీలో ఉంటుంది. హాల్లో మ్యాంగో జ్యూసు, అల్లం సోడా. ఆఫీసు పార్టీలో వైన్ గ్లాసు పట్టుకున్న చేతులే శనివారం మా హాల్లో మ్యాంగో జ్యూసు పట్టుకుంటాయి. ఆ సంగతి ఒకరిది ఒకరికి తెలుసు. ఎవరూ ఎత్తరు.

ఆ హాలుకి పెద్దదిక్కు ఒక అక్క. రక్తసంబంధం ఏమీ లేదు. వరంగల్ వైపు మనిషి, మాకంటే పదేళ్లు పెద్ద, ఇక్కడికి ముందొచ్చింది. శనివారం ఉదయం వాళ్లింట్లో పారాయణం జరుగుతుంది. నా కాన్పుకి ఇండియా నుంచి మావాళ్లకి వీసా రాకపోతే నలభై రోజులు క్యారేజీ పంపింది ఆవిడే. ఎవరినీ పల్లెత్తు మాట అనదు. అయినా ఆవిడ వచ్చి సోఫాలో కూర్చుంటే మేమందరం మా మాటలు కాస్త సర్దుకుంటాం. ఎవరి ముందు పరువు పోయినా బతికేస్తాను గానీ ఆవిడ ముందు పోతే తట్టుకోలేనని నా భయం. ఆవిడ భర్తని అందరూ అన్న అంటారు. ఆయన మాత్రం గ్యారేజీకి పెద్దదిక్కు.

మా ఆయన సంగతీ చెప్పాలి, లేకపోతే అన్యాయం చేసినదాన్నవుతాను. మనిషి మంచివాడు. ఏడాదికి రెండుసార్లు విస్కీ ఒక పెగ్గు తాగి, మర్నాడు తలనొప్పి అంటాడు. ఇంటికి నలుగురు రావడం, వాళ్లు తిని తాగి బాగుందనడం ఆయనకి ప్రాణం. నేను ఇంట్లో కెగరేటర్ పెట్టుకుంటానంటే ముందు నవ్వాడు. కెగరేటర్ అంటే పెద్ద విశేషం ఏమీ కాదు. ఒక చిన్న ఫ్రిజ్. లోపల బీరు పీపా, పక్కన గ్యాస్ సిలిండర్, పైన ఒక స్తంభం, దానికి ట్యాపు. గ్యాసు బీరుని గొట్టంలోంచి పైకి నెడుతుంది.

"పెట్టుకో. నాకేం అభ్యంతరం లేదు. కానీ బయట మాత్రం నాది అని చెప్దాం," అన్నాడు.

"ఎందుకు?"

"ఎందుకేంటి, నీకు తెలీదా? అక్క వాళ్లు వస్తుంటారు, పూజలకి పిలుస్తుంటాం. అందరికీ సంజాయిషీ ఎవరు చెప్పుకుంటారు?"

నాకు తెలుసు. అందుకే సరే అన్నాను. ఆయన బలవంతపెట్టాడని చెప్పుకుంటే అబద్ధం అవుతుంది. నాకూ అదే సుఖంగా తోచింది.

కొనడానికి రెండు నెలలు తిరిగాను. పాత ఫ్రిజ్‌కి చిల్లులు పెట్టి మనమే చేసుకోవచ్చని కొందరు, రెడీగా దొరికేదే మేలని కొందరు. ఫ్రిజ్‌కి చిల్లు పెడితే లోపలి గ్యాసు గొట్టం తెగుతుందేమోనని భయపడి రెడీమేడ్‌కే మొగ్గాను. ఒక ట్యాపా, రెండా? రెండైతే రెండు పీపాలు పాతబడతాయి, తాగేదాన్ని నేనొక్కదాన్ని. ఒకటి చాలు. పెద్ద పీపాలు నెలల తరబడి మిగిలిపోతాయి కాబట్టి, అయిదు గ్యాలన్ల సన్న పీపా పట్టేది తీసుకున్నాను. పైనున్న స్తంభంలోకి కూడా చల్లగాలి తోసే చిన్న ఫ్యాను ఉందో లేదో అడిగాను. అది లేకపోతే స్తంభం వెచ్చగా ఉండి, మొదటి గ్లాసు ఎప్పుడూ నురగే వస్తుంది. షాపులో ముసలాయన ఈ ప్రశ్నకి కళ్లద్దాలు పైకి తోసి నన్ను చూసి, మీ ఆయనకి ఏ బీరు ఇష్టం అని అడిగాడు. తెల్లవాడు కూడా అంతే. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గ్లాసుల షెల్ఫ్ దగ్గర నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు.

ఆ ముసలాయన ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాడు. ఇది ఇంట్లో పెట్టుకోండి, గ్యారేజీలో వద్దు, చిన్న మోటారు, ఎండాకాలం గ్యారేజీ వేడికి తట్టుకోదు అన్నాడు. డైనింగ్‌లో కిటికీ పక్కన మూల నేను ముందే కొలిచి పెట్టుకున్నాను. తీసుకొచ్చిన రోజున మా ఆయన దాన్ని చక్రాల మీద తోసుకుంటూ నేరుగా గ్యారేజీలోకే తీసుకెళ్లాడు. దేవుడి గదికి అంత దగ్గర్లో బీరు మిషనేంటి, వచ్చినవాళ్లు ఏమనుకుంటారు అన్నాడు. మా గ్యారేజీ పడమటి ముఖం. మధ్యాహ్నం దాటాక తలుపు మీద చెయ్యి పెడితే కాలుతుంది. నేను నోరు మూసుకున్నాను, ఎందుకంటే వచ్చినవాళ్లు ఏమనుకుంటారోనని నాకూ ఉంది.

మొదటి పీపా బిగించిన రోజు మా ఆయన ట్యాపుకి కుంకుమ బొట్టు పెట్టాడు. కొత్త కారుకి పెట్టినట్టే. నిమ్మకాయ కూడా తెచ్చాడు గానీ దేనికింద పెట్టాలో తోచక మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టేశాడు.

ఆ తర్వాత దాని సంరక్షణంతా నాది. డ్రాఫ్ట్ బీరు పాల లాంటిది, చల్లదనం తప్పితే పోతుంది. ముప్ఫై ఎనిమిది డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంచాలి. రెండు డిగ్రీలు ఎక్కితే నురగ, పది ఎక్కితే పులుపు. గ్యాసు ఒత్తిడి తగ్గితే బీరు చప్పబడుతుంది, పెరిగితే పొంగి పోతుంది. పదిహేను రోజులకోసారి గొట్టంలోకి క్లీనర్ పంపి, ఆపైన నీళ్లతో కడగాలి, లేకపోతే లోపల పాచి పట్టి వెన్న వాసన వేస్తుంది. ట్యాపు విప్పి, సన్న బ్రష్షుతో తోమాలి. పీపా బిగించిన తారీఖు చాక్‌పీస్‌తో కెగరేటర్ తలుపు మీద రాసేదాన్ని. వడపోయని రకమైతే ఆరు వారాలు, మహా అయితే ఎనిమిది. కాఫీ ఫిల్టరు చిల్లులు సూదితో పొడిచి శుభ్రం చేసే మనిషిని, ఇదేం పెద్ద పని అనిపించలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి, కూర పొయ్యి మీద పడేసి, గ్యారేజీలోకి వెళ్లి ఒక గ్లాసు పట్టుకొచ్చేదాన్ని. స్టీలు గ్లాసు. వంటింటి కిటికీలోంచి వీధి కనిపిస్తుంది, వీధిలోంచి వంటిల్లూ కనిపిస్తుంది, పక్కిళ్లన్నీ మనవాళ్లే. స్టీలు గ్లాసులో ఉన్నది మజ్జిగో నీళ్లో ఎవరికి తెలుస్తుంది? పొయ్యి ముందు నిలబడి తాగేసి, గ్లాసు వెంటనే కడిగేసి బోర్లించేదాన్ని. నెయ్యి జిడ్డు ఏ కొంచెం ఉన్నా నురగ చచ్చిపోతుందని, దానికోసం వేరే ఒక గ్లాసు గుర్తు పెట్టుకున్నాను. అడుగున మా అత్తగారి పేరు చెక్కి ఉన్న గ్లాసు అది. ఆవిడ పెళ్లి సామాను. పార్టీల్లో కూడా అదే గ్లాసు. కూరలు వేడి చేసే నెపంతో వంటింట్లోకి వచ్చి, నాలుగు గుక్కలు తాగి మళ్లీ హాల్లోకి వెళ్లి కూర్చునేదాన్ని. శుక్రవారం మాత్రం ముట్టుకునేదాన్ని కాదు. అమ్మవారి రోజు. ఇదేం నియమమని నన్నడగకండి, నా దగ్గర జవాబు లేదు.

గ్యారేజీలో మా ఆయన పేరు మార్మోగిపోయేది.

"తమ్మీ, బార్ల గూడ గిట్ల ఉండదు," అనేవాడు అన్న. "ఎట్ల మెయింటెయిన్ చేస్తున్నవ్?"

"ఏముందన్నా, కొంచెం శ్రద్ధగా చూసుకోవాలంతే," అనేవాడు మా ఆయన.

ఆ మాటలు హాల్లోకి వినబడేవి. శ్రద్ధగా అట. తలుపు మీద చాక్‌పీస్ అంకెలు ఎందుకున్నాయో కూడా ఆయనకి తెలియదు. మొదట్లో నవ్వొచ్చేది. రెండో ఏడు నుంచి కోపం రావడం మొదలైంది. ఎవరి మీదో తేల్చుకోలేని కోపం. తోమేటప్పుడు ట్యాపు మీద చూపించేదాన్ని.

ఈ ఏడాది ఏప్రిల్ నెలాఖరులో ఒక పార్టీ తర్వాత మిగిలిన బిర్యానీ, పొగలు కక్కుతున్న అల్యూమినియం ట్రేతో సహా, మా ఆయన కెగరేటర్‌లో పీపా పక్కన దూర్చాడు. ఇంట్లో ఫ్రిజ్ నిండిపోయిందట. పొద్దున్నే చూస్తే లోపల యాభై డిగ్రీలు, గొట్టాల నిండా మసాలా వాసన. మూడు రోజులు ఆయన్ని ఉతికి ఆరేశాను.

"ఇది ఫ్రిజ్ అనుకున్నావా? ఒక్క పనికి తప్ప దీన్ని ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను? నీకు తెలీకపోతే తెలీదని ఊరుకో," అన్నాను.

ఆయన ట్రే బయటికి తీసి, లోపలంతా తుడిచాడు. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, సరిగ్గా నెల తిరక్కుండా నేను చేసింది దీనికి తాత.

మే నెలాఖరు లాంగ్ వీకెండ్‌కి మా ఇంట్లో శనివారం టిఫిన్ పార్టీ పెట్టుకున్నాం. నలభై మంది. అక్క వాళ్లింట్లో పారాయణం అవగానే అందరూ ఇటే రావాలి. ఇడ్లీ పిండి గురువారం రాత్రి రుబ్బుకుంటే శుక్రవారానికి పొంగుతుంది. మా వెట్ గ్రైండర్ గ్యారేజీలోనే ఉంటుంది, ఇంట్లో పెడితే మీటింగుల్లో అవతలివాళ్లు ఇదేం చప్పుడని అడుగుతారు. గ్రైండరూ కెగరేటరూ ఒకే లైను మీద కలిపి నడిపితే ఫ్యూజ్ పోతుంది. అందుకని రుబ్బేటప్పుడు కెగరేటర్ ప్లగ్ తీసి, అయ్యాక మళ్లీ పెట్టడం నాకు అలవాటు. గంట సేపు కరెంటు లేకపోతే దానికేమీ కాదు. ఆ రాత్రి మూడో వాయి తీస్తుండగా ఆఫీసు నుంచి ఫోన్. ఏదో సర్వర్ పడిపోయింది. పిండి గిన్నెలు లోపల పెట్టి, రాళ్లు కడిగి, ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ప్లగ్ నేల మీదే ఉండిపోయింది.

శుక్రవారం ఆఫీసుకి వెళ్లాను. సాయంత్రం గ్యారేజీలోకి వెళ్లలేదు, ఎందుకంటే శుక్రవారం. ఆ రెండు రోజులూ ఎండ తొంభై అయిదు దాటింది.

శనివారం పదిన్నరకి పేపర్ ప్లేట్ల కోసం గ్యారేజీలోకి వెళ్తే మోటారు చప్పుడు లేదు. కిందకి చూశాను. ప్లగ్. తలుపు తెరిచి పీపా మీద చెయ్యి పెడితే వెచ్చగా, జ్వరమొచ్చిన ఒంటిలా ఉంది. అప్పటికి ఆ పీపా అయిదో వారంలో ఉంది, పైగా పార్టీ హడావుడిలో గొట్టాలు కడగడం ఒక వారం వాయిదా వేశాను. ప్లగ్ పెట్టాను. పెట్టినా ఏం లాభం, అంత పీపా చల్లబడాలంటే ఒక రోజు పడుతుంది. కొంచెం పట్టి నోట్లో వేసుకున్నాను. పులుపు.

మా ఆయన బయట కుర్చీలు వేస్తున్నాడు.

"ఇవాళ ట్యాపు వద్దు. సీసాలు తెచ్చి ఐసులో పెడదాం," అన్నాను.

"ఎందుకు?"

"ఊరికే. ఎండగా ఉంది కదా."

"ఎండగా ఉంటే ఇంకా మంచిది కదా? అన్న పొద్దున్నుంచీ రెండుసార్లు మెసేజ్ పెట్టాడు. ఏమైంది, ఏదన్నా ప్రాబ్లమా?"

అప్పుడు చెప్పేయాల్సింది. బిర్యానీ ట్రే గుర్తొచ్చింది. మూడు రోజులు ఆయన్ని నేనన్న మాటలన్నీ వరసపెట్టి గుర్తొచ్చాయి.

"ఏం లేదు," అని లోపలికి వచ్చేశాను.

పన్నెండుకి జనం వచ్చారు. మగవాళ్లు గ్యారేజీకి, ఆడవాళ్లు హాల్లోకి. నేను ఇడ్లీ ప్లేట్లు అందిస్తూ చెవులు అటే పెట్టాను. ట్యాపు తిప్పిన చప్పుడు. నవ్వులు. మళ్లీ ట్యాపు. నవ్వులు తగ్గాయి.

"ఏంది తమ్మీ, మొత్తం నురగే వస్తున్నది?" అది అన్న గొంతు.

"ఫస్ట్ గ్లాస్ అలాగే వస్తుందన్నా. ఇంకొకటి పట్టు."

కాసేపటికి మళ్లీ అన్నే. "గిది పులిసింది తమ్మీ. సల్ల లెక్క ఉన్నది."

ఇంకెవరో, లైన్ ఎప్పుడు క్లీన్ చేశావ్, టెంపరేచర్ ఎంత పెట్టావ్ అని అడుగుతున్నారు. మా ఆయన నన్ను పిలిచాడు. చేతులు తుడుచుకుంటూ వెళ్లాను. చట్నీ గిన్నె అటు పట్టుకెళ్దామని అక్క నా వెనకే వచ్చింది. గ్యారేజీ గుమ్మంలో ఆగింది. ఎనిమిది మంది మగవాళ్లు ప్లాస్టిక్ గ్లాసుల్లో నురగ పట్టుకుని నిలబడ్డారు. మా ఆయన కెగరేటర్ తలుపు తెరిచి, కారు ఆగిపోతే బానెట్ ఎత్తి చూసినట్టు లోపలికి చూస్తున్నాడు. ఆయన కన్ను గ్రైండర్ మీద పడింది, అక్కణ్నుంచి ప్లగ్ మీద. మనిషి తెలివైనవాడే, క్షణంలో పట్టేశాడు.

"అదీ సంగతి," అన్నాడు వాళ్లందరి వైపు తిరిగి, నవ్వు తెచ్చుకుని. "మా ఆవిడ గ్రైండర్ కోసం ప్లగ్ పీకేసి ఉంటుంది. ఆడవాళ్లకి దీని సంగతేం తెలుస్తుంది చెప్పండి."

ఆయన అన్నదాంట్లో సగం నిజం. ఆ సగానికి నేను తల వంచుకునేదాన్నే, పొద్దున్నుంచీ అందుకు సిద్ధంగానే ఉన్నాను. రెండో సగం వినగానే నా అరికాలి మంట నెత్తికెక్కింది. ట్యాపు దగ్గరికి వెళ్లి, కారుతున్న నురగని చేత్తో తుడిచాను.

"ప్లగ్ తీసింది నేనే. మళ్లీ పెట్టడం మర్చిపోయింది కూడా నేనే, తప్పు నాదే," అన్నాను. ఇంట్లో ఆయన్ని నువ్వు అంటాను, నలుగురిలో మీరు అంటాను, అంత కోపంలోనూ ఆ అలవాటు తప్పలేదు. "కానీ మీరు దీన్ని ఎన్ని డిగ్రీల్లో పెట్టాలో చెప్పండి చూద్దాం. గొట్టాలు ఎవరు కడుగుతున్నారో చెప్పండి. నాలుగేళ్ల నుంచీ మీరందరూ తాగిన ప్రతి పీపా నేను తెచ్చిందే, నేను బిగించిందే. ఇది ఆయనది కాదన్నా, నాది. మా ఇంట్లో బీరు తాగేది నేను."

మా ఆయన చప్పున నవ్వాడు.

"ఊరికే ఏడిపిస్తోందన్నా. కోపమొస్తే అంతే," అన్నాడు.

అందరూ నవ్వేశారు. హమ్మయ్య అన్నట్టు నవ్వారు. నాలుగేళ్లు కడుపులో పెట్టుకున్న మాట బయటపెడితే దాన్ని జోకు చేసి నా చేతికే తిరిగిచ్చేశారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. పైన షెల్ఫ్‌లో వరసగా గాజు గ్లాసులున్నాయి. వాటిని తెప్పించింది నేనే, ఒక్కసారీ వాటితో తాగలేదు. ఒకటి తీసి, ట్యాపు కింద ఏటవాలుగా పట్టి, నురగ దిగేదాకా ఆగి, మళ్లీ నింపాను. చెయ్యి అలవాటుగా తన పని చేసుకుపోయింది. మా ఆయన మొహం మారింది.

"చెల్లెమ్మా, వద్దు, కడుపు ఖరాబైతది," అన్నాడు అన్న.

తాగాను. వెచ్చగా, పుల్లగా, చివర తడి గుడ్డ వాసనతో ఉంది. ఈ నాలుగేళ్లలో ఆ మిషన్‌లోంచి వచ్చిన బీర్లన్నిట్లోకి అదే దరిద్రమైనది. నిలబడి, గుక్క గుక్కకీ ఆగుతూ, అడుగు దాకా తాగాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఖాళీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో ఉన్న అక్క పక్కనుంచి వంటింట్లోకి వెళ్లిపోయాను.

సింకు దగ్గర నిలబడ్డాను. వెనకే అక్క వచ్చి చట్నీ గిన్నె గట్టు మీద పెట్టింది. తలుపు దగ్గరికి వేసింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

"ఖరాబైందని నీకు ఎరికె గదా," అంది. "మరి గ్లాసు మొత్తం ఎందుకు తాగినవ్?"

ఖాళీ గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉంది.

"మంచిదంతా ఇక్కడ నిలబడి తాగేశాను అక్కా, ఎవరికీ కనబడకుండా," అన్నాను. "అందరి ముందు తాగడానికి ఇదే మిగిలింది."

అక్క నా చేతిలోంచి గ్లాసు తీసుకుని, సబ్బు పెట్టి కడగడం మొదలుపెట్టింది. కళ్లు తుడుచుకున్నానో లేదో నాకు గుర్తు లేదు. కానీ ఆవిడ నా మొహం వైపు చూడకుండా గ్లాసు వైపే చూడటం గుర్తుంది.

"మా నాయినమ్మ రోజు పొద్దుగాల కల్లు తాగేది," అంది. "జెర పులిసిన వాసనొచ్చినా, తెచ్చినాయిన మీద మొత్తుకునేది. గట్ల అరుగు మీద కూసోని తాగేది. వచ్చేటోళ్లు, పోయేటోళ్లు అందరు చూసేటోళ్లు."

"ఎవరూ ఏమనేవాళ్లు కాదా?"

"ఏమంటరు? కూసో అమ్మా అని ఆమెకే పీట వేసేటోళ్లు." గ్లాసు వెలుతురుకి ఎత్తి చూసి మళ్లీ కడిగింది. "నీ స్టీలు గ్లాసు గూడ నాకు ఎరికెనే. ఎన్నిసార్లు నీ పక్కన కూసున్న, వాసన రాదా?"

"మరి ఎప్పుడూ అనలేదేం?"

"నువ్వు చెప్పలె, నేను అడగలె," అని గ్లాసు బోర్లించి, గిన్నె తీసుకుని హాల్లోకి వెళ్లిపోయింది.

నాలుగేళ్లు. ఏ మనిషి ముందు పరువు పోతుందని దాచుకున్నానో ఆ మనిషికి ఎప్పట్నుంచో తెలుసు. నా మీద నాకు అంత కోపం ముందూ రాలేదు, తర్వాతా రాలేదు.

అందరూ వెళ్లాక నేనూ మా ఆయనా మిగిలిన బీరంతా ఇంటి పక్కన మట్టిలో పారబోశాం.

"పొద్దున్నే చెప్పి ఉంటే ఆ మాట అనేవాణ్ని కాదు," అన్నాడు చివరికి.

"చెప్తే బిర్యానీ ట్రే బయటికొచ్చేది."

"వచ్చేది," అని ఒప్పుకున్నాడు. కాస్త ఆగి, "నన్ను పొగుడుతుంటే బాగుండేది. నీదని మర్చిపోయాను," అన్నాడు. అది నాకు క్షమాపణ కంటే నచ్చింది. అయినా ఆ వారమంతా ముక్తసరిగానే మాట్లాడాను.

గురువారం షటిల్ దిగి ఇంటికొచ్చేసరికి గ్యారేజీలో కెగరేటర్ లేదు. అమ్మేశాడనుకున్నాను. లోపలికి వస్తే డైనింగ్‌లో, కిటికీ పక్కన, నాలుగేళ్ల కిందట నేను కొలిచి పెట్టుకున్న మూలలో ఉంది. దేవుడి గది తలుపు అక్కడికి ఆరడుగులు. మా ఆయన నేల మీద కూర్చుని, గొట్టాలు ఎలా కడగాలో ఫోన్‌లో వీడియో చూస్తున్నాడు. క్లీనర్ ఎంత కలపాలి అని అడిగాడు. చెప్పాను.

ఆ శనివారం పారాయణం మా ఇంట్లోనే. పుస్తకాలు మూసి, ప్రసాదాలు అయ్యాక, కొందరు బయల్దేరారు, కొందరు మిగిలారు. వెళ్లినవాళ్లలో ఇద్దరు ఆ తర్వాత మా ఇంటికి రాలేదు. అది కూడా చెప్పాలి. నేను కొత్త పీపా బిగించి, మొదటి గ్లాసు పట్టాను. గాజు గ్లాసు. దాన్ని పట్టుకుని, అలవాటు ప్రకారం వంటింటి వైపు రెండడుగులు వేశాను.

అక్క సోఫాలో కాస్త జరిగింది. పక్కన చోటు చూపించి, "కూసో," అంది.

కూర్చున్నాను. ఆవిడ అల్లం సోడా తాగింది, నేను బీరు తాగాను.